అనధికార ఆసక్తి

నా వ్యాపారం గురించి ఒక్క మాటలో చెప్పమంటే, ఒకడికి అక్కర్లేని వస్తువును అది కావలసినవాడి దగ్గరకు చేర్చడం. మధ్యలో మిగిలింది నాది. పెళ్లిళ్లు, స్నేహాలు, ఉద్యోగాలు కూడా ఈ లెక్క మీదే నడుస్తాయని నా అభిప్రాయం. మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు.

విశాఖపట్నం పాత పోస్టాఫీసు దగ్గర నా దుకాణం. విరగ్గొట్టడానికి తెచ్చిన ఓడల్లోంచి దిగే సామాను కొంటాను. కుర్చీలు, గోడ గడియారాలు, పింగాణీ పళ్లాలు, ఎక్కడికీ వెళ్లనివాళ్లు కొనుక్కునే దిక్సూచులు. ఒకసారి అలాంటి సామానుతో ఎవరో నావికుడు వదిలేసిన రేకు పెట్టె ఒకటి వచ్చింది. చినిగిన చొక్కాల అడుగున పాత బేస్‌బాల్ కార్డులు దొరికాయి. అరచేతిలో పట్టే అట్టముక్కలు. ముందు ఆటగాడి బొమ్మ, వెనక వాడు ఎన్నిసార్లు కొట్టాడో, ఎన్నిసార్లు కొట్టలేకపోయాడో అంకెలు. ఆ ఆట మన క్రికెట్‌కు దూరపు చుట్టం.

ఇలాంటివి పోగుచేసే పెద్దమనిషి ఒకాయనకు కబురు పెట్టాను. ఆయన భూతద్దంతో బొమ్మలు చూడలేదు, అట్టల మూలలు చూశాడు.

"మూలలు అరిగిపోయాయి. పేరున్న ఆటగాడు ఒక్కడూ లేడు. పైగా అన్నీ తేడా కార్డులు. మాలాంటివాళ్లకు పనికిరావు" అని టీ తాగి వెళ్లిపోయాడు.

తేడా కార్డులే. ఒకడు ఫొటో తీసే సమయానికి కళ్లు మూసుకున్నాడు. ఒకడి చేతి తొడుగులో బంతికి బదులు కుక్కపిల్ల ఉంది. ఒకడి మీసం బొమ్మ చట్రం దాటి బయటకు పోయింది. ఒకడికి ముందూ పేరు లేదు, వెనకా అంకెలు లేవు. అచ్చువాళ్లు మరిచిపోయినట్టున్నారు. టోపీ వెనక్కి నెట్టుకుని, ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టు ఉన్నాడు.

పోగుచేసేవాళ్లు వద్దన్న సరుకు మిగతా లోకానికి అమ్ముకోవచ్చునని నా లెక్క. లోకంలో ఎక్కువమంది ఆ మిగతావాళ్లే కదా. దుకాణం ముందు తీగ కట్టి, బట్టల క్లిప్పులతో కార్డులు వేలాడదీసి, ఒక్కోదానికి ఒక కాఫీ ఖరీదు చెప్పాను. మీసాల వాణ్ణి మంగలి పైడయ్య కొని తన అద్దం పక్కన అతికించాడు. వచ్చినవాళ్లు "అదిగో, అలా దిద్దు" అనడం మొదలుపెట్టారు. వదులు ప్యాంటు వాణ్ణి దర్జీ పట్టుకుపోయాడు. కళ్లు మూసుకున్నవాణ్ణి బ్యాంకు వాచ్‌మన్ కొని తన కుర్చీకి పైన తగిలించాడు. ఆ బొమ్మతో పోలిస్తే తను మేలుకుని ఉన్నట్టు కనిపిస్తాడని.

పేరులేని వాణ్ణి కొన్నది సన్యాసమ్మ. నా దుకాణానికి ఎదురుగా టీ కొట్టు ఆమెది. గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చి, తీగ ముందు ఆగిపోయింది.

"శెట్టిబావూ, ఈ బొమ్మ మీకాడికి ఎలాగొచ్చింది?"

"ఓడలో వచ్చింది. అమెరికా వాడు."

"అమెరికా వోడేటి బావూ? మా ఆయన. ఆ సెవులు సూడండి. టోపీ సూడండి, అలాగే ఎనక్కి నెట్టీసీవోడు. నెత్తికి గాలి తగలాలనీవోడు."

ఆమె భర్త రేవులో క్రేను నడిపేవాడు. పోయి చాలా కాలమైంది. ఉన్న ఒక్క ఫొటో తుపానులో ఇంటి రేకులతోపాటు ఎగిరిపోయింది. అప్పటినుంచి ఆయన ముఖం తన తలలో రోజురోజుకూ మసకబారిపోతోందని, కొన్నాళ్లకు చెవులు ఒక్కటే మిగులుతాయేమోనని ఆమె భయం. నేను బేరమాడే మనిషినే గాని, ఆ రోజు చెప్పిన ధరకు సగం తీసుకున్నాను. ఆమె కార్డుకు కుంకుమ బొట్టు పెట్టి, పాల గిన్నె పైన మేకుకు తగిలించి, రోజూ ఒక బంతిపువ్వు పెట్టేది.

ఆ ఏడాదే ప్రభుత్వం ప్రాచీన వస్తు అభిరుచి పరిరక్షణ శాఖను పెట్టింది. పాత వస్తువులను కాపాడే శాఖలు అదివరకే ఉన్నాయి. వాటి మీద జనానికుండే ఆసక్తిని కాపాడే శాఖ లేదని ఎవరో గుర్తించారు. జనం పాత కుర్చీ కొని కూర్చుంటున్నారు. పాత చెంబు కొని నీళ్లు తాగుతున్నారు. దీన్ని అరికట్టాలి. అందుకని యాభై ఏళ్లు దాటిన వస్తువును ప్రయోజనరహిత ఆసక్తి ఉన్నవారు మాత్రమే ఉంచుకోవాలని నిబంధన వచ్చింది. కుర్చీ మీద కూర్చునేవాడి ఆసక్తి కూర్చోవడం మీద గాని కుర్చీ మీద కాదు. నేను ఆ నిబంధనను అటూ ఇటూ తిప్పి చూశాను. వ్యాపారి కంటికి ఎక్కడా లొసుగు కనిపించలేదు.

జిల్లా ఆసక్తి నిర్ధారణాధికారిగా ఉపేంద్రనాథ్ గారు వచ్చారు. ఇస్త్రీ చెడని మనిషి. వాకిట్లో నిలబడి నా తీగను చూసి తల పంకించారు.

"కూర్మనాథం గారూ, సదరు కార్డులను మీరు విచక్షణారహితంగా సామాన్య ప్రజానీకానికి విక్రయించినట్లు మా దృష్టికి వచ్చింది."

"అవునండి. వాళ్లే కొన్నారు."

"అదే సమస్య. తత్ఫలితంగా ఈ ప్రాంతంలో అనధికార ఆసక్తి ప్రబలింది. తదుపరి చర్యల నిమిత్తం కార్డులన్నింటినీ స్వాధీనపరచుకొనడమైనది."

ఆయన ఎదుటివాళ్లతో మాట్లాడేటప్పుడు కూడా పని అయిపోయినట్టే మాట్లాడతారు. చాలాసార్లు అయిపోయేది కూడా. పైడయ్య అద్దం పక్క నుంచి మీసం ఊడింది. వాచ్‌మన్ లేచి చూసేసరికి గోడ ఖాళీ. చివరికి టీ కొట్టు దగ్గరకు వెళ్లారు.

"పురావస్తువుపై కుంకుమ లేపనము, పుష్పాలంకరణ" అని ఉపేంద్రనాథ్ గారు గుమాస్తాకు చెప్పి రాయించారు. "పాల ఆవిరి కూడా రాయండి."

"బావూ, దానిమీద సెయ్యేయకండి. మా ఆయన" అంది సన్యాసమ్మ.

"ఇది బేస్‌బాల్ కార్డమ్మా."

"ఏ బాలైతే నాకేటి? మనిషి మా ఆయనే."

"ఈ ఆటగాడి పట్ల మీకు ప్రయోజనరహిత ఆసక్తి ఉన్నదా?"

"ప్రయోజనమేటి నేదు బావూ. బతికున్నప్పుడూ నేదు." పక్కన టీ తాగుతున్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. "సూసుకోడానికి ఉంచుకున్నాను."

"చూసుకొనుట ప్రయోజనమే" అన్నారాయన. కార్డును కవరులో పెట్టారు.

వాళ్ల జీపు వెళ్లగానే ఆమె నా దుకాణంలోకి వచ్చి, ఎప్పుడూ కూర్చోనిది, ఓడ కుర్చీలో కూర్చుంది.

"అమ్మినోరు మీరే. తెచ్చి పెట్టీవోరూ మీరే."

నేను అమ్మిన సరుకు పాడైపోవడం వేరు, ఎవరో పట్టుకుపోవడం వేరు. మొదటిదానికి నాకు బాధ్యత లేదు. రెండోది జరిగితే రేపు నా దగ్గర ఎవడూ దిక్సూచి కూడా కొనడు. "తెస్తాను" అన్నాను.

శాఖవారు దయగలవాళ్లు. కార్డు పోయినవాళ్లకు ఆసక్తి పరీక్ష పెట్టారు. నెగ్గితే అధీకృత సేకర్త అనే పత్రం ఇస్తారు. కార్డు మాత్రం శాఖ వారి ఇనప బీరువాలోనే ఉంటుంది. ఏడాదికొకసారి అధికారి సమక్షంలో చూసుకోవచ్చు.

"ఏడాదికొక్కసారైతే సాలు. తద్దినం రోజుకి సూపించమనండి" అంది సన్యాసమ్మ.

మొదట పైడయ్యను పిలిచారు. నేను పక్కనే ఉన్నాను.

"ఈ కార్డు మీకెందుకు?"

"మీసం కోసమండి. అలాంటి మీసం మన జిల్లాలో నేదు."

"మీ ఆసక్తి మీసము పైన గాని కార్డు పైన కాదు. మీసము ప్రాచీన వస్తువు కాదు. నేటికీ పెరుగుచున్నది. తిరస్కరించడమైనది."

"మరి నన్నేటి సెయ్యమంటారండి?"

"ఆసక్తి తగ్గించుకొని మరల దరఖాస్తు చేసుకొనవచ్చును."

దర్జీ ఆసక్తి జౌళి శాఖ పరిధిలోకి వస్తుందని ఆయన్ను అక్కడికి పంపారు. నెగ్గినవాడు వాచ్‌మన్ ఒక్కడే. కార్డు ఎందుకు కావాలని అడిగితే జవాబు రాలేదు. మళ్లీ అడిగారు. రాలేదు. వస్తువును ఎదురుగా పెట్టినా ఎటువంటి కోరికా కనబరచని ఇంత స్వచ్ఛమైన ఆసక్తి తమ సర్వీసులో చూడలేదని ఉపేంద్రనాథ్ గారు మెచ్చుకుని, గుమాస్తా చేత అతన్ని లేపించి పత్రం ఇచ్చారు.

నాకు కిటుకు తెలిసిపోయింది. ఏ సంతలోనైనా అంతే, కావాలని కనిపించినవాడికి సరుకు దొరకదు. సన్యాసమ్మకు శిక్షణ మొదలుపెట్టాను.

"బొమ్మ చూపించి ఎవరని అడుగుతారు. తెలియదని చెప్పు."

"ఎలా సెప్తాను బావూ? పక్కనున్న మడిసిని తెలీదంటే ఆయనేటనుకుంటాడు?"

"ఆయన ఏమీ అనుకోడు. కావాలా అని అడిగితే, ఇస్తే ఉంచుకుంటాను, లేకపోతే లేదు అను."

"బెల్లం కొన్నట్టా?"

"సరిగ్గా అలాగే."

ఆమె టీ పోస్తూ సాధన చేసింది. "తెలీదు. ఇత్తే ఉంచుకుంతాను" అని గొణుగుతుంటే, చక్కెర ఎక్కువ కావాలా అని అడుగుతోందనుకుని కొత్తవాళ్లు "వద్దమ్మా" అనేవారు. పరీక్షనాటికి చాలా బాగా వచ్చింది. వాచ్‌మన్ అంత కాకపోయినా, పనికొస్తుంది.

పరీక్ష గదిలో గాజు పలక వేసిన బల్ల మీద కార్డు పెట్టారు. ఉపేంద్రనాథ్ గారు తెల్ల చేతి తొడుగులు వేసుకున్నారు. గుమాస్తా కలం తెరిచాడు.

"ఈ చిత్రమునందలి వ్యక్తి ఎవరు?"

సన్యాసమ్మ కార్డు వైపు చూసింది. నేను వెనక నుంచి "తెలీదు" అని పెదవులు కదిపాను.

"బొట్టు ఎవులు తుడిసీసినారు?" అంది ఆమె.

"స్పిరిటుతో శుభ్రపరచడమైనది. ప్రశ్నకు సమాధానం చెప్పండి."

"మా ఆయన బొట్టు తుడవమని మీకెవులు సెప్పారు?" ఆమె గొంతు పెద్దదైంది. "బతికున్నోల్లని పట్టుకోలేరు గాని పోయినోల్లని పట్టుకొచ్చి బీరువాలో ఎడతారా? మా ఆయన. నా మొగుడు. రాసుకోండి."

నా శిక్షణ అంతా నీళ్లపాలైంది. కాని గదిలో నేను అనుకోనిది జరిగింది. ఉపేంద్రనాథ్ గారు కోప్పడలేదు. ముందుకు వంగారు. తర్వాత తెలిసింది, ఆ ఒక్క కార్డు గురించి రాజధాని నుంచి ఆయనకు వరసగా శ్రీముఖాలు వస్తున్నాయట. మిగతా కార్డులకు పేర్లున్నాయి. దీనికి లేదు. పేరు గడి ఖాళీగా ఉంటే జిల్లా నివేదిక చెల్లదు. నివేదిక చెల్లకపోతే ఆయనకు పదోన్నతి లేదు.

"మీరు ఈ వ్యక్తిని గుర్తించగలరా అమ్మా?"

"మొగుణ్ణి గుర్తించలేనా?"

"పేరు చెప్పండి."

ఆమె ఆగిపోయింది. మా ప్రాంతంలో ఆమె వయసు ఆడవాళ్లు భర్త పేరు నోటితో అనరు. రేషన్ దుకాణంలో కూడా పక్కింటి మనిషి చేత చెప్పిస్తారు. ఆమె నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను.

"సాక్షి స్వయంగా చెప్పవలెను" అన్నారు ఉపేంద్రనాథ్ గారు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కార్డు వైపు చూసి, క్షమించమన్నట్టు తలాడించి, "గురువులు" అంది. జీవితంలో మొదటిసారి అని ముఖం చూస్తే తెలిసింది.

గడి నిండింది. ఉపేంద్రనాథ్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన ఇస్త్రీలో మొదటిసారి ఒక ముడత కనిపించింది.

"మరి కార్డు?" అన్నాను.

"కూర్మనాథం గారూ, ఇంతవరకు ఇది ఒక విదేశీ వస్తువు. ఈ క్షణం నుంచి జాతి సంపద. తొలి తెలుగు బేస్‌బాల్ క్రీడాకారుని ఏకైక చిత్రం. ఇక ఎవరికీ చూపే ప్రసక్తి లేదు."

"ఆయన క్రేను నడిపేవాడండి. ఆ ఆట ఎప్పుడూ ఆడలేదు."

"ఆడినట్లు చిత్రం ఉన్నది. ఆడలేదనుటకు మీ వద్ద చిత్రం ఉన్నదా?"

లేదు. ఆడకుండా ఉన్నప్పుడు ఫొటో తీయించుకునేవాడు ఎవడు?

బయటకు వచ్చాక సన్యాసమ్మ ఏడవలేదు. "పేరు కూడా అనిపించీసినారు. అదీ పోయింది, ఇదీ పోయింది" అంది.

నేను రాత్రంతా ఆలోచించాననను. నాకు నిద్ర బాగానే పడుతుంది. ఉదయం లేచి లెక్క చూసుకున్నాను. సరుకు తిరిగి రాదు. సరుకు రానప్పుడు బదులు సరుకు అడగాలి. ప్రభుత్వం దగ్గర కార్డు లేదు గాని మార్చి నెల ఉంది. మార్చి ఆఖరులోగా ఖర్చు కాని డబ్బు వెనక్కి పోతుంది. ఉపేంద్రనాథ్ గారి దగ్గరకు వెళ్లాను.

"జాతి సంపద అన్నారు. అంతటి క్రీడాకారుడికి ఊళ్లో విగ్రహం లేకపోతే రేపు వేరే జిల్లా వాళ్లు మావాడని ఎత్తుకుపోరూ?"

ఆయన కళ్లలో వెలుగు వచ్చింది. అధికారికి ఆసక్తి కలిగితే దానికి పరీక్ష లేదు.

"ఎక్కడ ప్రతిష్ఠించవలెనని మీ అభిప్రాయం?"

"ఆయన పనిచేసిన రేవుకు దారి మా వీధిలోంచే. టీ కొట్టుకు ఎదురుగా కూడలి ఖాళీగానే ఉంది."

శిల్పి దగ్గరకు నేనూ సన్యాసమ్మా వెళ్లాం. ఆయన పెరట్లో తలలు లేని నాయకులు వరసగా నిలబడి ఉన్నారు, అందరూ పంచెలు కట్టి, కుడి చెయ్యి పైకెత్తి. గిరాకీ వచ్చినప్పుడు తల పెట్టడం ఆయన పద్ధతి. బేస్‌బాల్ దుస్తులకు మంజూరు లేదు కాబట్టి పంచె ఖాయమైంది. ఎత్తిన చేతికి బ్యాటు తగిలించారు. ఇక తల.

శాఖ గుమాస్తా కార్డును గాజుకాగితం కవరులోంచే చూపిస్తుంటే శిల్పి మట్టితో ముఖం చేశాడు. అచ్చు దిగింది. సన్యాసమ్మ చూసి, "ముక్కు ఇంత కోటేరుగా ఉండదు బావూ" అంది. శిల్పి ముక్కు నొక్కాడు. "బుగ్గలు నోపలికి ఉండేవి. తిండి తినీవోడు కాదు." బుగ్గలు లోపలికి పోయాయి. "ఈ కన్ను కొంచిం సిన్నది. నవ్వితే ఇంకా సిన్నదైపోయీది." ఒక్కొక్కటి చెబుతున్నకొద్దీ ఆమెకు ఇంకొకటి గుర్తొస్తోంది. మసకబారిందన్న ముఖం శిల్పి వేళ్ల కింద ఒక్కో ముడతా తెచ్చుకుంటోంది. సాయంత్రానికి ఆమె మాట్లాడటం మానేసి చూస్తూ ఉండిపోయింది. శిల్పి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

"ఒక్క సెవులు మార్చలేదు కదా?" అని మాత్రం నన్ను అడిగింది.

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. ఒక మంత్రిగారు తాడు లాగారు. తెలుగువాడు ఏ ఆటలోనూ తీసిపోడని, ఆ ఆట ఏదైనా సరేనని అన్నారు. పంచె కట్టి, బ్యాటు ఎత్తి, కొంచెం చిన్న కన్నుతో రేవు వైపు చూస్తున్న గురువులు మెడలో సన్యాసమ్మ దండ వెయ్యలేకపోయింది, ఎత్తు ఎక్కువ. నిచ్చెన తెచ్చారు. ఆమె ఎక్కి, ముందు కొంగుతో ఆయన ముఖం తుడిచి, దండ వేసింది.

"బతికున్నన్నాళ్లూ ఒక్క సోట నిలబడ్డ మడిసి కాదు" అంది దిగి వచ్చాక, పైడయ్యతో.

"ఇప్పుడు ఎక్కడికీ ఎల్లలేడులే పిన్నీ. సిమెంటు ఏసీసినారు" అన్నాడు పైడయ్య.

నా లెక్కలో వ్యవహారం అక్కడితో తేలిపోయింది. శాఖ వారి లెక్కలో తేలలేదు. రాజధాని నుంచి తనిఖీ బృందం వచ్చి, కార్డును విగ్రహం పక్కన పెట్టి పోల్చింది. పోలిక లేదు. ముక్కు వేరు, బుగ్గలు వేరు, కళ్లు వేరు. చెవులు ఒక్కటే కలిశాయి. విగ్రహాన్ని మంత్రిగారు ఆవిష్కరించారు కాబట్టి అది తప్పు కావడానికి వీల్లేదు. అందుచేత కార్డు తప్పు. సదరు కార్డు గురువులు గారిది కాదని, జాతి సంపద కాదని, గుర్తించిన సాక్షికే దాన్ని తిరిగి అప్పగించి రశీదు తీసుకోవాలని ఉత్తర్వు వచ్చింది.

ఉపేంద్రనాథ్ గారు స్వయంగా టీ కొట్టుకు వచ్చారు. నేను కూడా దుకాణం వదిలి వెళ్లాను. అమ్మిన సరుకు కొన్నవాళ్ల చేతికి చేరడం కళ్లారా చూడాలనుకున్నాను. ఆయన కవరులోంచి కార్డు తీసి రెండు చేతులతో అందించారు.

"అమ్మా, పైన ఉదహరించిన కారణముల వలన మీ కార్డు మీకు బేషరతుగా వాపసు చేయడమైనది. ఇక్కడ సంతకం చేయండి."

సన్యాసమ్మ గ్లాసులు కడుగుతూ ఒకసారి కార్డు వైపు చూసింది. తడి చెయ్యి చాచలేదు.

"వొద్దు బావూ."

"అదేమిటమ్మా! దీనికోసమే కదా మీరు మా కార్యాలయానికి వచ్చినది?"

ఆమె ఎదుటి కూడలి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"నెమ్మదిగా అనండి. ఎవులో పరాయి మగోడి బొమ్మ, నా కొట్లో ఎలా ఎట్టుకుంటానండి? ఎదురుగా ఆయన సూత్తన్నాడు."